దీపం తగ్గే చోటు

పేపర్లో వేశారు, నేను చదివించుకున్నాను:
వరహాలమ్మ రాగం ఎత్తుకుంటే
దీపాలకి కూడా దిగులు పుడుతుందట.
దిగులూ లేదు, గిగులూ లేదు.
నేను పంపు కొట్టేవాణ్ణి కాదు, అంతే.

మా కంపెనీ పెట్రోమాక్సుకి వాషరు పాతది.
ఎంత కొట్టినా గాలి నిలవదు,
కొడితే కీచుమంటుంది.
ఆవిడ పై షడ్జం మీద నిలబడి
చాపల మీద జనం దగ్గు కూడా మింగేసిన చోట
నా కీచు ఏం బావుంటుంది?
చెయ్యి తీసేసి ఒళ్ళో పెట్టుకునేవాణ్ణి.
తెల్లటి వెలుగు పసుపయ్యేది,
పసుపు కాస్తా పండు మిరపయ్యేది,
రాణి మొహం సగం చీకట్లోకి పోయేది.
రాగం దిగాక, ఆ చప్పట్ల హోరులో
గబగబా పదిహేను పంపులు.
"చూశావంట్రా, తెల్లారింది!" అనేవారు ముందు వరసోళ్ళు.

లొల్ల లాకుల కాడ కలాసీ కూతురు.
తలుపు లేస్తే నీళ్ళురికే హోరులో
తండ్రి కేక పడవలాళ్ళకి చేరేది కాదు,
పిల్ల కేక చేరేది.
"ఆగండెహె, ఎదురు పడవొస్తంది!"
సంగీతంలో ఆవిడ మొదటి పాఠం అదే.
హార్మోనిస్టు గంగరాజు ఆ కాలవలో పోతూ విన్నాడు,
పడవలోనే పెట్టె విప్పి శ్రుతి చూశాడు.
పెట్టెలో మెట్లు అయిపోయాయి గానీ
పిల్ల గొంతు అవలేదు.

పాలకొల్లు, నరసాపురం, మండపేట, రాజోలు.
పంటు మీద తెరలు, ట్రంకుపెట్టెలు, కిరీటాలు,
వాటి మీద కునుకుతూ మేమూ.
ఆటకి ముందు మిరియాల గంజి, ఆటయ్యాక
తెల్లారగట్ట చద్దన్నంలో ఉల్లిపాయ.
కంట్రాక్టరు నోట్లు లెక్కపెట్టాకే
ముక్కుపుడక పెట్టుకునేది.
పెళ్ళి చేసుకున్నది ఒక్కసారి.
స్టేజీ మానెయ్యమని ఆయన అన్నదీ ఒక్కసారే.
మద్రాసెళ్ళి గ్రామఫోను వాళ్ళని చూసి తిరిగొచ్చేసింది:
"మూడు నిమిషాలంటర్రా!
మన రాగానికి ఆ పళ్ళెం చాలదు."

కరెంటొచ్చింది, మైకొచ్చింది.
మైకుని మోచేత్తో పక్కకి జరిపి పాడేది.
నా లైటు అటకెక్కింది. నేను తెర లాగేవాణ్ణయ్యాను.

ముక్తేశ్వరంలో ఆ రాత్రి గాలివాన, కరెంటు పోయింది.
అటక మీది లైటు దింపి, దులిపి, వెలిగించాను.
ఆవిడకి అప్పటికి యాభై ఎనిమిది.
పద్యం ఎత్తుకుంది, రాగం మెట్టు మెట్టు ఎక్కుతోంది,
నేను చెయ్యి ఒళ్ళో పెట్టుకున్నాను, అలవాటుగా.
అప్పుడు విన్నాను.
స్వరానికి ముందు, లోపలెక్కడో,
ఎండిన తాటాకు చీలిన చప్పుడు.
పక్కన కూర్చున్నవాడికే వినపడేటంత.
పైన షడ్జం లేదు.
ఆవిడ ఆ మెట్టు మీద కాలు పెట్టేస్తోంది.

నా చెయ్యి నన్నడగలేదు.
ఒక్క పంపు.
పందిరంతా కీచుమంది.
జనం గొల్లున నవ్వారు, "నీ లైటు తగలెయ్యా!" అన్నారెవరో.
ఆ గోలలో ఆవిడ ఒక మెట్టు కిందికి దిగి
పద్యం ముగించేసింది.
కంట్రాక్టరు నా కూలిలో అయిదు రూపాయలు కోశాడు.

రంగు తుడుచుకుంటూ అద్దంలోంచే పిలిచింది.
"ఒరే పోసియ్యా,
ముప్పై ఏళ్ళు నా పాటకి అడ్డం రాలేదు. ఇవాళొచ్చావు."
నేను నేల చూశాను.
చాలాసేపు దూదితో కనుబొమ్మ రుద్దుకుంది.
"శ్రుతిలోనే వచ్చావులే."

ఆ మీదట ఆవిడ మళ్ళీ రంగు పూసుకోలేదు.
కాకినాడ ఆసుపత్రిలో పోయిందని
మూడోనాడు గానీ నాకు తెలీలేదు.

లైటు నా దగ్గరే ఉంది. కిరసనాయిలు దొరకదు.
అయినా నెలకోసారి వాషరు విప్పి
కొబ్బరినూనె రాస్తాను, తోలు ఎండిపోకుండా.
నిండా రాస్తే కీచు పోతుంది.
ఒక్క చుక్క తక్కువే రాస్తాను.